షమీ వెళ్లిపోయాడు సరే, మరి బంతి వేసేదెవరు?

ఐపీఎల్‌లో మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్, పేస్ బౌలర్ షమీని 2025 నవంబర్‌లో లక్నోకి ఇచ్చేసింది. 2024 వేలంలో 10 కోట్లు పెట్టి కొన్నారు, ఒక్క సీజన్ ఆడించారు, అదే 10 కోట్లకు పంపేశారు. వార్త వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే లొల్లి. మా బావేమో "మంచిగైంది, పైసలు మిగిలినయ్, ఇంకో హిట్టర్‌ను తెచ్చుకోవచ్చు" అంటాడు. మా చిన్నాన్నేమో "మనూరి సిరాజ్‌ను ఇడిసిపెట్టిన నాడే ఈ టీమ్ సంగతి సమజైంది" అని పాత పాటే ఎత్తుకుంటాడు. ముగ్గురం ఆదివారం పొద్దున టిఫిన్ దగ్గర మొదలుపెడితే మధ్యాహ్నం అన్నాల వేళ దాకా తేలలేదు. అందుకే 2025 డిసెంబర్ వేలానికి ముందే నేను అనుకునేది ఇక్కడ మొత్తం రాసి పెడుతున్నాను.

షమీ వెళ్లినందుకు నాకు బాధ లేదు. 2025లో 9 మ్యాచ్‌లు ఆడి 6 వికెట్లు తీశాడు, ఓవర్‌కి 11 పరుగులకు పైనే ఇచ్చాడు, ఆ లెక్కన ఎవరైనా పంపించేస్తారు. నా బాధల్లా అతను రాకముందు మనం ఎవరిని వదిలేశామన్నది. భువనేశ్వర్ కుమార్ 2014 నుంచి 2024 దాకా ఈ జెర్సీలోనే ఉన్నాడు, 2016లో, 2017లో వరుసగా రెండుసార్లు పర్పుల్ క్యాప్ (సీజన్‌లో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసినవాడికి ఇచ్చేది) తెచ్చాడు. నటరాజన్ అంతకుముందు సీజన్‌లోనే 19 వికెట్లు తీశాడు. ఆ 2024 మెగా వేలానికి (జట్లు దాదాపు అందరినీ వదిలేసి మళ్లీ కొనుక్కునే వేలం) ముందు మనం అట్టిపెట్టుకున్న ఐదుగురి పేర్లు చూడండి: క్లాసెన్ 23 కోట్లు, కమిన్స్ 18, హెడ్ 14, అభిషేక్ 14, నితీశ్ 6. అందులో ఫుల్‌టైమ్ బౌలర్ కమిన్స్ ఒక్కడే. భువీని 10.75 కోట్లకు బెంగళూరు తీసుకెళ్లింది, నటరాజన్‌ని అంతే ధరకు ఢిల్లీ తీసుకెళ్లింది. భువీ అక్కడ 17 వికెట్లు తీశాడు, బెంగళూరు మొదటిసారి కప్పు ఎత్తింది.

"నటరాజన్ ఢిల్లీల బెంచ్ మీదనే కూసున్నడు గదా, గది చెప్పవేంది?" అని బావ అడ్డం వచ్చాడు. నిజమే, అక్కడ అతనికి ఏమీ కలిసి రాలేదు. కానీ మన దగ్గర యార్కర్ (బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర పడే బంతి) వేసే మనిషి అతనొక్కడే. అతను వెళ్లాక ఆ పని ఎవరికి అప్పజెప్పారో సీజన్ అయిపోయేదాకా నాకు అర్థం కాలేదు.

2025 ఏప్రిల్ 12న పంజాబ్‌తో మ్యాచ్‌కి నేనూ బావా మన ఉప్పల్ స్టేడియంలోనే ఉన్నాం. ఆ మ్యాచ్ అంటే అందరికీ గుర్తొచ్చేది అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టడం, సెంచరీ కాగానే జేబులోంచి చీటీ తీసి చూపించడం, దాని మీద 'ఇది ఆరెంజ్ ఆర్మీ కోసం', అంటే మన ఫ్యాన్స్ కోసం అని ఇంగ్లిష్‌లో రాసి ఉండటం. చుట్టూ ఉన్నవాళ్లందరూ కుర్చీల మీదికెక్కి అరుస్తుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అది జన్మలో మర్చిపోను. 246 కొట్టాలంటే తొమ్మిది బంతులు మిగిలుండగానే కొట్టేశారు! కానీ 246 కొట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది? షమీ 4 ఓవర్లలో 75 ఇచ్చాడు, ఒక్క వికెట్ లేదు. ఇన్నింగ్స్ చివరి ఓవర్లో స్టోయినిస్ వరుసగా నాలుగు సిక్సర్లు కొట్టాడు. ఆ నాలుగూ ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే మా వరసలో ఎవరి నోటా మాట లేదు, ఫుల్‌టాస్ పడిన ప్రతిసారీ మా ముందు కూర్చున్న పెద్దాయన చేత్తో నుదురు కొట్టుకున్నాడు. గెలిచాం కాబట్టి తెల్లారేసరికి ఆ ఓవర్ సంగతి అందరూ వదిలేశారు. అభిషేక్ లాంటి ఇన్నింగ్స్ సీజన్‌కి ఒకటి వస్తుంది, అలాంటి చివరి ఓవర్ మాత్రం మనకు వారానికొకటి వచ్చింది.

బావ వాదన కొట్టిపారేసేది కాదు. 2021లో అట్టడుగు, 2022లో ఎనిమిదో స్థానం, 2023లో మళ్లీ పదింటిలో పదోది. ఆ మూడేళ్లు ఆఫీసులో చెన్నై ఫ్యాన్స్ ముందు తలెత్తుకోలేకపోయాం. 2024లో కెప్టెన్‌గా కమిన్స్, కోచ్‌గా వెట్టోరి వచ్చి హెడ్‌ని, అభిషేక్‌ని 'పోయి కొట్టండి' అని వదిలితే ముంబై మీద 277, బెంగళూరులో 287, ఢిల్లీలో ఆరు ఓవర్లకే వికెట్ పోకుండా 125, లక్నో పెట్టిన 166 లక్ష్యాన్ని 9.4 ఓవర్లలో ఊదిపారేయడం... అవన్నీ చూసిన కళ్లతో ఆ పద్ధతిని తప్పంటే నాకే మనసొప్పదు. ఫైనల్‌కి కూడా వెళ్లాం.

ఫైనల్ దగ్గరే నాకూ బావకూ తేడా. చెన్నైలో కోల్‌కతా మీద 113కి ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్స్‌లో అంత తక్కువ స్కోరు ఇంకెవరూ చేయలేదు. వాళ్లు 10.3 ఓవర్లలో ముగించేశారు. "బ్యాట్స్‌మెన్ ఆడకపోతే బౌలర్లు ఏం జేస్తరు? 113 ఎవడు కాపాడుతడు?" అన్నాడు బావ.

మనమే కాపాడాం బావా. 2018 ఏప్రిల్ 24, ముంబై వాంఖడే స్టేడియం. మనం 118కి ఆలౌట్. ఆ రోజు సగం మంది టీవీలు కట్టేసి పడుకున్నారు. ముంబైని 87కి చుట్టేశాం, అదీ వాళ్ల సొంత గ్రౌండులో, రోహిత్ శర్మ ఉన్న జట్టుని. మన స్పిన్నర్ రషీద్ ఖాన్ 4 ఓవర్లు వేసి 11 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు. రెండు రోజులకే ఉప్పల్‌లో పంజాబ్ మీద 132 కొట్టి 13 పరుగులతో గెలిచాం. ఇంకో మూడు రోజులకు జైపూర్‌లో రాజస్థాన్ మీద 151 కాపాడాం. ఆ తర్వాత ఉప్పల్‌లోనే బెంగళూరు మీద 146 కాపాడాం, అప్పుడు అటువైపు కోహ్లీ, డివిలియర్స్ ఇద్దరూ ఉన్నారు. రెండు వారాల్లో నాలుగు మ్యాచ్‌లు, నాలుగూ బంతితో గెలిచినవే. 130 కొట్టిన రోజు కూడా 'ఇంకా మ్యాచ్ ఉంది' అని కూర్చుని చూసేవాళ్లం. ఇప్పుడు 190 కొట్టినా టెన్షనే. 2025లో లక్నో మీద సరిగ్గా 190 కొట్టాం, వాళ్లు 16.1 ఓవర్లలో కొట్టేశారు. అందులో 26 బంతుల్లో 70 కొట్టింది ఎవరో తెలుసు కదా? నికొలస్ పూరన్. 2022లో మనం 10.75 కోట్లకు కొని, ఒక్క సీజన్ చూసి వదిలేసిన పూరన్.

రషీద్ విషయం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. మన తరఫున ఐదు సీజన్లలో 93 వికెట్లు తీసినవాడు. 2022కి ముందు జీతం దగ్గర, ఎవరిని మొదట అట్టిపెట్టుకోవాలన్న దగ్గర తేడాలొచ్చాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. లోపల ఏం జరిగినా, చివరికి విలియమ్సన్‌కి 14 కోట్లు, ఉమ్రాన్ మాలిక్‌కి 4, అబ్దుల్ సమద్‌కి 4 ఇచ్చి రషీద్‌ని పోనిచ్చారు. గుజరాత్ 15 కోట్లిచ్చి తీసుకుంది, మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టింది. ఆ ఏడాది ఏప్రిల్ 27 మ్యాచ్ చూడండి. ఉమ్రాన్ 25 పరుగులకు 5 వికెట్లు తీశాడు, గుజరాత్‌వి పడిందే ఐదు, ఐదూ అతనివే. వాళ్లకు చివరి ఓవర్లో 22 కావాలి. మ్యాచ్ మనదే అనుకున్నాం. రషీద్ బ్యాట్ పట్టుకుని ఆ ఓవర్లో మూడు సిక్సర్లు కొట్టాడు, ఆఖరి బంతి కూడా సిక్సే. మన ఉమ్రానేమో ఆ సీజన్‌లో 22 వికెట్లు తీసి ఇండియాకి ఆడాడు, 2024కి వచ్చేసరికి మన బెంచ్ మీదే ఉన్నాడు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వేసే కుర్రాడు దొరకడమే అరుదు, వాడికి లైన్ నేర్పించే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

వార్నర్ కథ బౌలింగ్ కథ కాకపోయినా దాని వెనక బుద్ధి ఒకటే కాబట్టి చెప్తున్నాను. 2016లో 848 పరుగులు కొట్టి కప్పు తెచ్చిన కెప్టెన్. 2021లో ఆరు మ్యాచ్‌లలో ఐదు ఓడగానే కెప్టెన్సీ తీసేశారు, వెంటనే జట్టులోంచీ తీసేశారు. దుబాయ్‌లో అతను స్టాండ్స్‌లో కూర్చుని మన జెండా ఊపుతుంటే టీవీలో చూశాం. అదే ఏడాది నవంబర్‌లో ఆస్ట్రేలియా టీ20 ప్రపంచ కప్పు గెలిచింది, టోర్నీలో బెస్ట్ ప్లేయర్ వార్నరే. ఫామ్ పోతే పక్కన పెట్టొచ్చు, నేను కాదనను. ఆ మనిషిని అలా పంపించాల్సింది కాదు.

చిన్నాన్న మాట వేరు. ఆయనకు జట్టులో మనోళ్లు ఉండాలి, అంతే. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ తరఫున సిరాజ్ ఉప్పల్‌లో 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసిన రోజు ఆయన ఎవరికి చప్పట్లు కొడుతున్నాడో ఆయనకే తెలియలేదు. 2017లో 2.6 కోట్లకు కొని ఒక్క సీజన్‌కే వదిలేశాం సిరాజ్‌ని. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నాడు. విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి ఒక్కడున్నాడు, అది సంతోషమే. ఊరివాడన్న ఒక్క కారణంతో జట్టులోకి తీసుకోవాలని నేను అనను, మంచి ఆటగాడు ఎక్కడివాడైనా రెండేళ్లు ఆడితే మనవాడే అవుతాడు, భువీ మీరట్ నుంచి వచ్చినవాడే కదా. కానీ చిన్నాన్న ఆ రోజు ఇంకో మాట అన్నాడు, అది విన్నాక బావ కూడా కాసేపు ఆగాడు.

"మనూరికి కప్పు ఎప్పుడెప్పుడొచ్చిందిరా? 2009ల డెక్కన్ ఛార్జర్స్, 2016ల సన్‌రైజర్స్. ఆ రెండేండ్లు పర్పుల్ క్యాప్ ఎవని నెత్తి మీదుండె?"

2009లో ఆర్పీ సింగ్, 23 వికెట్లు. 2016లో భువీ, 23 వికెట్లు. రెండు ఫైనల్సూ బెంగళూరు మీదే, ఒకటి 6 పరుగులతో, ఇంకోటి 8 పరుగులతో, రెండూ మనం ముందు బ్యాటింగ్ చేసి కాపాడుకున్నవే. 2016 ఫైనల్లో గేల్, కోహ్లీ కలిసి పదిన్నర ఓవర్లలో 114 కొట్టేశాక కూడా మన బౌలర్లు మ్యాచ్‌ని వెనక్కి లాక్కొచ్చారు. మధ్యలో 2010లో మన ప్రజ్ఞాన్ ఓఝాకి కూడా పర్పుల్ క్యాప్ వచ్చింది. ఇన్నేళ్లుగా చూస్తూ నాకే ఈ లెక్క తట్టలేదు, చిన్నాన్న చెప్పేదాకా.

కాబట్టి నేననేది ఇది. హెడ్‌నీ అభిషేక్‌నీ ఆపమని కాదు. వాళ్లు కొట్టినన్నాళ్లు కొట్టనీ. వాళ్లు కొట్టని రోజు కోసం జట్టు కట్టండి. 2025లో మొదటి మ్యాచ్‌లో 286 కొట్టాం, ఇషాన్ కిషన్ సెంచరీ చేశాడు, ఊరంతా '300 ఎప్పుడు' అని మాట్లాడుకుంది. ఆ తర్వాత వరుసగా నాలుగు ఓడాం. పిచ్ కాస్త నెమ్మదించిన రోజు మన దగ్గర రెండో దారి లేదు. ఉప్పల్‌లోనే ముంబై మీద 35కి 5 వికెట్లు. చివరికి 13 పాయింట్లతో ఆరో స్థానం. పైగా మన కెప్టెన్ కమిన్స్ వెన్ను నొప్పితో 2025 నవంబర్‌లో యాషెస్ మొదటి టెస్టు కూడా ఆడలేదు.

2025 డిసెంబర్ 16న అబుదాబిలో మినీ వేలం. దానికి మన చేతిలో ఉన్నవి 25.5 కోట్లు. స్పిన్నర్లు ఆడమ్ జంపానీ, రాహుల్ చాహర్‌నీ కూడా వదిలేశారు, అంటే స్పిన్‌కి మిగిలింది జీషాన్ అన్సారీ, హర్ష్ దూబే, కమిందు మెండిస్. బావ మిడిలార్డర్‌లో ఇంకో సిక్సర్ల వీరుడు కావాలంటున్నాడు. వద్దు బావా, సిక్సర్లు మనకు చాలు. మధ్య ఓవర్లలో నాలుగు ఓవర్లు పూర్తిగా వేసే ఒక స్పిన్నర్, చివర్లో యార్కర్ వేసే ఒక ఇండియన్ పేసర్, ఈ ఇద్దరి కోసం పర్సు ఖాళీ చేసినా నేను ఒక్క మాట అనను. మన పేసర్ హర్షల్ పటేల్ 2025లో 16 వికెట్లు తీశాడు, చెన్నై సొంత గ్రౌండు చెపాక్‌లో మనం మొదటిసారి చెన్నైని ఓడించిన రోజు 4 తీశాడు, అతన్ని కదిలించకండి. ఇక శ్రీలంక కుర్రాడు ఇషాన్ మలింగ 1.2 కోట్లకు వచ్చాడు, ఏడు మ్యాచ్‌లలో 13 వికెట్లు తీశాడు. సీజన్ సగం అయ్యాక గుర్తొచ్చాడు మేనేజ్‌మెంట్‌కి. ఈసారి మొదటి మ్యాచ్ నుంచే ఆడించండి, ఒక మ్యాచ్‌లో 50 ఇచ్చినా రెండో మ్యాచ్‌లో కూడా ఆడించండి.