రౌటర్ టేబుల్‌కి పెట్టె కట్టాను, రెండుసార్లు

మొన్న మే నెలలో అమ్మ ఆవకాయ కోసం డాబా మీద మిరపకాయలు ఎండబోసింది. నేను ఆ పక్కనే రేకుల గదిలో, బల్లకి బిగించిన రౌటర్ మీద టేకు బద్దలకి గాడి తీస్తున్నాను. గంట తర్వాత బయటికొచ్చి చూస్తే మిరపకాయల మీదంతా టేకు పొడి. అమ్మ ఏమీ అనలేదు, చేటలోకి ఎత్తుకుని చెరగడం మొదలుపెట్టింది. ఇక ఆ రోజే అనుకున్నా, రౌటర్ కింద సరైన పెట్టె ఒకటి కట్టాలి, పొడి పడితే అందులోనే పడాలి, అక్కణ్ణుంచి పైపులోకి పోవాలి అని.

రౌటర్ తెలియనివాళ్లకి ఒక మాట. చెక్కలో గాడి తీయడానికి, అంచులకి డిజైన్ కొట్టడానికి వాడే మిషన్ అది. మన దగ్గర కార్పెంటర్లు ఎక్కువగా చేత్తో పట్టుకునే నడుపుతారు. దాన్నే తలకిందులుగా బల్ల కింద బిగించి బిట్, అంటే చెక్కని కోసే మొన, పైకి వచ్చేలా పెడితే రౌటర్ టేబుల్ అవుతుంది, అప్పుడు మిషన్ కదలదు, చెక్కని మనం నెడతాం. సన్నటి బద్దలకి, చిన్న ముక్కలకి ఇదే సుఖం, చేతికీ భద్రం.

మొదటిసారి కట్టినప్పుడు నా ధ్యాసంతా డ్రాయర్ల మీదే ఉంది. ఎన్ని డ్రాయర్లు, ఏ బిట్ ఎక్కడ, మైకా ఏ రంగు, ఇవే ఆలోచనలు. రౌటర్ కూర్చునే మధ్య అరకి ముందు గట్టి తలుపు, వెనక కింద నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, దానికి డస్ట్ కలెక్టర్, అంతే. అమ్మ దేవుడి మందిరం తలుపులకి గాడి తీయడం మొదలుపెట్టి పావుగంట అయ్యిందో లేదో, మోటార్ శబ్దం మారింది, పైన ప్లేటు మీద చెయ్యి పెడితే వేడి. ఆపి తలుపు తీస్తే మోటార్ చుట్టూ బెత్తెడు ఎత్తున పొడి పేరుకుని ఉంది. పక్కన డస్ట్ కలెక్టర్ మాత్రం జోరుగానే తిరుగుతోంది. టెన్షన్ పట్టుకుంది, మిషన్ పోయిందేమో అని.

రెండు రోజులు ఆలోచిస్తే విషయం అర్థమైంది. డస్ట్ కలెక్టర్ పీల్చాలంటే పెట్టెలోకి గాలి ఎక్కణ్ణుంచో రావాలి కదా, నేను దారే ఇవ్వలేదు. బిట్ చుట్టూ ఉన్న సన్నటి సందు ఒక్కటే ఉంది, అది చాలదు. ఇంకోటి, రౌటర్ మోటార్‌కి ఉన్న ఫ్యాన్ మామూలుగా పై నుంచి గాలి పీల్చి బిట్ వైపు వదులుతుంది. తలకిందులు చేస్తే పీల్చే వైపు కిందికి వస్తుంది. అంటే కింద పడ్డ పొడినే మోటార్ పీలుస్తోంది. నేను చేతులారా దానికి పొడి తినిపిస్తున్నానన్నమాట.

అందుకే మధ్య అర మొత్తం విప్పి మళ్లీ కట్టాను. నాలుగంగుళాల పైపు నోరు పన్నెండున్నర చదరపు అంగుళాలు ఉంటుంది. దానికి సమానంగా గాలి లోపలికి రావాలని ముందు తలుపుకి ఒకటిన్నర అంగుళం రంధ్రాలు 7 కొట్టాను, అవి కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, సరిగ్గా మోటార్ గాలి పీల్చే ఎత్తులో, బయటి శుభ్రమైన గాలి ముందు మోటార్‌కి తగిలేలా. అడుగున 6 ఎంఎం ప్లై పలకని వెనక్కి వాలుగా దించాను, మూలల్లో పొడి ఆగకుండా. ఇప్పుడు అరగంట నడిపినా ప్లేటు గోరువెచ్చగా ఉంటుందంతే. లోపల మిగిలేది గుప్పెడు పొడి.

పొడి సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, అది శుభ్రతతో అయిపోయే విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులోనే పెట్టింది. పెట్టె ఎంత బాగా కట్టినా మాస్క్ తీయకండి.

ఇక కొలతలు. ఎత్తు 36 అంగుళాలు: లాక్ ఉన్న చక్రాల ఎత్తు 4 అంగుళాలు, పెట్టె ముప్పైన్నర, పైపలక ఒకటిన్నర. మన వంటింటి గట్టు కంటే కాస్త ఎత్తు, నడుం వంచకుండా పని అవుతుంది. పెట్టె వెడల్పు 28, లోతు 20. పైపలక మాత్రం 32 బై 24 పెట్టాను, క్లాంపు పట్టడానికి నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు బయటికి ఉండాలని. ప్లై నీళ్లకి తట్టుకునే 710 గ్రేడు, 18 ఎంఎం. చెక్క పీచు అదిమి చేసే ఎండీఎఫ్ అయితే ఖర్చు తగ్గేది, కానీ రేకుల గదిలో వానాకాలం చెమ్మకి అది ఉబ్బుతుంది.

పైపలక రెండు 18 ఎంఎం ప్లైలు ఫెవికాల్‌తో అంటించి చేసింది. పై వైపు ఒక్కదానికే మైకా వేద్దామనుకుంటుంటే మా వీధిలో పనిచేసే వడ్రంగి మేస్త్రీ చూసి, "ఒక పక్కే వేస్తే పలక వంగుతుంది సార్, కిందా వేయండి" అన్నారు. ఆయన మాట విన్నాను. అల్యూమినియం బాక్సు గొట్టాన్ని మూల నుంచి మూలకి నిలబెట్టి వెనక టార్చి వేస్తే ఎక్కడా వెలుగు కనబడట్లేదు. ఈ పలక సమంగా లేకపోతే గాడి ఒకచోట లోతు, ఒకచోట తక్కువ వస్తుంది, అప్పుడు కింద ఎన్ని డ్రాయర్లు ఉన్నా ఉపయోగం లేదు.

రౌటర్ బిగించే ప్లేటుకి పాత స్విచ్ బోర్డుల మీద ఉండే హైలం గుర్తొచ్చింది. రాణిగంజ్‌లో మందపాటి హైలం షీటు ముక్క కోయించి తెచ్చుకున్నా. గట్టిది, చెమ్మకి ఉబ్బదు. తొమ్మిదింబావు బై పదకొండు ముప్పావు అంగుళాలకే కోయించాను, బయట దొరికే రెడీమేడ్ ప్లేట్లు చాలావరకు ఆ కొలతే, రేపు మార్చుకోవాలన్నా ఇదే గాడిలో కూర్చుంటుంది.

స్విచ్ విషయంలో మాత్రం మా ఊరి పొలం గుర్తొచ్చింది. మోటార్ స్టార్టర్‌కి పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉంటాయి చూడండి, కరెంటు పోయి వస్తే మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా మోటార్ తిరగదు. రౌటర్‌కీ అదే కావాలి. కరెంటు పోయినప్పుడు బిట్ మార్చడానికి చేయి పెట్టామనుకోండి, ఆ క్షణంలో కరెంటు వస్తే ఊహించడానికే భయం. సింగిల్ ఫేజ్ స్టార్టర్ ఒకటి ఎడమ పక్క, మోకాలికి అందే చోట పెట్టించాను. అది ఉంది కదా అని ఊరుకోను, బిట్ మార్చే ముందు ప్లగ్ పీకేస్తాను. నా రౌటర్ 2100 వాట్లు, అంటే 9 ఆంప్స్ పైన, కాబట్టి సాకెట్ 16 ఆంప్స్‌దే ఉండాలి.

డ్రాయర్లు అటు మూడు ఇటు మూడు. టెలిస్కోపిక్ చానెల్ ఒక్కో పక్క అరంగుళం తింటుంది, ఆ లెక్క తప్పితే డ్రాయర్ బిర్రుగా అయిపోతుంది, మొదటి డ్రాయర్‌ని ఒక సూతు తగ్గించి మళ్లీ చేశాను. బిట్లు నిలబెట్టే రంధ్రాలు అరంగుళం కాడ ఉన్న బిట్లకి 13 ఎంఎంతో కొట్టండి, సరిగ్గా అరంగుళమే కొడితే వానాకాలం బిట్ బయటికి రాదు.

పెద్ద బిట్లు వాడేవాళ్లు స్పీడు తగ్గించడం మర్చిపోవద్దు. 80 ఎంఎం బిట్ నిమిషానికి 22,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 330 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. నేను 10,000కి దించి, చెక్కని కుడి నుంచి ఎడమకే నెడుతూ, మూడు నాలుగు విడతల్లో కోస్తాను.

మందిరం తలుపులు పోయిన ఆదివారం పూర్తయ్యాయి. ఆ పూట అమ్మ గది బయటే వడియాలు పెట్టుకుంది. సాయంత్రం వెళ్లి దగ్గరగా చూశాను, ఒక్క వడియం మీద కూడా పొడి లేదు.