హమామత్సు: ఒకే నగరం, మధ్యలో పక్క రాష్ట్రం

జపాన్‌లో షిజుఓకా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) పడమటి కొసన ఉన్న హమామత్సుకు వెళ్లేవాళ్లు పాత మ్యాపుల్లో వార్డు పేరును నమ్ముకోవద్దు. 2024 జనవరి 1న ఏడు వార్డులు మూడయ్యాయి: చూఓ, హమానా, తెన్‌ర్యూ. చిరునామాలో మారింది వార్డు పేరొక్కటే. మారుతి కార్ల వల్ల మనకు తెలిసిన సుజుకి ప్రధాన కార్యాలయం ఇప్పటికీ తకత్సుకా-చో 300లోనే ఉంది, కాకపోతే మినామి-కు ('కు' అంటే వార్డు) కాస్తా చూఓ-కు అయింది. దారి అడిగేటప్పుడు వార్డు వదిలేసి 'చో' (పేట) పేరు చెబితే పని జరుగుతుంది.

ఈ గందరగోళానికి మూలం 2005 జులై 1 నాటి విలీనం. ఆ రోజు మూడు నగరాలు, ఎనిమిది పట్టణాలు, ఒక గ్రామం కలిసి 1,558 చదరపు కిలోమీటర్ల హమామత్సు అయింది. ఆ గ్రామం తత్సుయామా. అది కలిసిపోయాక షిజుఓకాలో గ్రామమనేదే మిగల్లేదు. 2007 ఏప్రిల్ 1న పెద్ద నగరాలకిచ్చే ప్రత్యేక హోదా రావడంతో వార్డులు గీశారు. ఇవి మన కార్పొరేటర్ల వార్డుల్లాంటివి కావు. ఎన్నికైన అధిపతి గానీ, సొంత కౌన్సిల్ గానీ ఉండవు. నగరపాలక సంస్థకు శాఖా కార్యాలయాలు, అంతే. ఆఫీసుల ఖర్చు తగ్గించాలని మూడు వార్డుల ప్రతిపాదన తెచ్చి 2019 ఏప్రిల్‌లో ఓటుకు పెడితే జనం వద్దన్నారు. తర్వాత గీతలు సవరించారు: పాత కితా వార్డులో మికతహారా ప్రాంతం చూఓలోకి, మిగతాది హమాకితాతో కలిసి హమానాలోకి వెళ్లాయి. తెన్‌ర్యూను మాత్రం ముట్టుకోలేదు. నగర విస్తీర్ణంలో అరవై శాతం అదే, జనం ముప్పై వేలకు లోపే. దాన్ని మైదానంతో కలిపితే కొండల గోడు వినేవాళ్లుండరని నాకూ అనిపించింది.

ఈ వార్డు ఎంత పెద్దదో తెలియాలంటే ఉత్తరాన ఉన్న మిసాకుబో దాకా వెళ్లాలి. మేం వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు రైలు పెట్టుకున్నాం. షిన్-హమామత్సులో ఎన్‌షూ రైలెక్కితే 17.8 కిలోమీటర్ల తర్వాత చివరి స్టేషన్ నిషి-కజిమా. అక్కణ్ణుంచి బస్సు తెన్‌ర్యూ నది వెంట, అకిహా డ్యామ్ పక్కగా, తత్సుయామా మీదుగా పైకి పోతుంది. రోజుకు నడిచేవి కొద్ది బస్సులే; సెలవురోజు టైమ్‌టేబుల్ వేరు. ఒకటి తప్పిందంటే ఆ రోజు ప్రయాణం పోయినట్టే.

తిరుగు దారిలో ఈదా లైన్ రైలు నేరుగా హమామత్సుకు రాదు. ఐచి ప్రిఫెక్చర్‌లోని తొయోహాషికి తీసుకెళ్తుంది. అక్కడ తొకాయిదో లైన్‌కు మారి వెనక్కి రావాలి. ఒకే నగరంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు రైల్లో వెళ్లాలంటే పక్క ప్రిఫెక్చర్ తిరిగి రావాలన్నమాట! ఇనాజి ఎక్స్‌ప్రెస్ రోజుకు రెండుసార్లే; లోకల్ రైళ్లకూ మధ్యలో గంటల తరబడి ఖాళీ. గేటు దగ్గర తాకించే రైలు కార్డు మీద ఆధారపడకుండా కాగితం టికెట్ కొనుక్కోవడం మేలు.

ముకాయిచిబా దాటాక కిటికీ పక్కనే కూర్చోండి. రైలు వంతెనెక్కి మిసాకుబో నది మీదికొస్తుంది, అవతలి గట్టు దగ్గరపడుతుంది, అంతలో వంపు తిరిగి బయల్దేరిన గట్టుకే చేరుతుంది. సొరంగం తవ్వుతుంటే అక్కడి భూభ్రంశం (నేల పొరల్లోని చీలిక) దెబ్బకు అది నిలవలేదు. దాంతో పట్టాలను నది మీదుగా ఎస్ ఆకారంలో తిప్పారు.

మిసాకుబో పైన హ్యోగోషి కనుమకు బస్సు లేదు, కారు కావాలి. అవతల నగానో ప్రిఫెక్చర్‌లోని ఈదా నగరం. 1987 నుంచి అక్టోబర్ నాలుగో ఆదివారం రెండు వైపులవాళ్లూ అక్కడ తాడు లాగుతారు. మూడింట రెండు గెలిచిన పక్షం 'సరిహద్దు' బోర్డును ఎదుటివారి నేలలోకి ఒక మీటరు జరుపుతుంది. ఇది పోటీలో తేలిన సరిహద్దే గానీ పాలనా సరిహద్దు కాదని బోర్డు మీదే రాసి పెట్టారు.

కారున్నా దారి తెరిచి ఉందో లేదో బయల్దేరే ముందే కనుక్కోవాలి. 152వ జాతీయ రహదారి అవోకుజురే కనుమ దగ్గర తెగిపోతుంది. నేల అంత పెళుసు. వాహనాలన్నీ హ్యోగోషి అటవీ రోడ్డునే పడతాయి. పెద్ద వాన పడి కొండచరియ జారినా, మంచు కురిసినా దాన్ని మూసేస్తారు. ప్రత్యామ్నాయంగా తవ్విన 4,998 మీటర్ల సొరంగం 2023 మేలో ఈ కొస నుంచి ఆ కొసకు కలిసింది.