పే స్లిప్‌లో తీసుకోండి, వీసా ఫారంలో కాదు

మాంచెస్టర్ పక్కన ట్రాఫర్డ్ పార్క్‌లో ఒక ఫుడ్ ఫ్యాక్టరీ పేరోల్ సెక్షన్‌లో పని చేస్తాను. నా పక్క సీటు ఆవిడకి అరవై దాటాయి. తుంటి ఆపరేషన్ కోసం ఏడాదికి పైగా వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. కుర్చీలోంచి లేవాలంటే టేబుల్ పట్టుకుని కాసేపు ఆగి లేస్తారు. 2024 మార్చిలో ఒకరోజు ఆపరేషన్ మళ్ళీ వాయిదా పడిందని ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, "ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఉచితంగా వాడేసుకుంటుంటే మా వంతు ఎప్పుడొస్తుంది" అన్నారు. నా వైపు చూసి అనలేదు. కానీ ఆ గదిలో ఎక్కడి నుంచో వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు చాలా బాధేసింది. వీసా మీద వచ్చినవాళ్ళు ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ వాడుకోవడానికి కట్టాల్సిన రుసుమే హెల్త్ సర్‌ఛార్జ్. ఫోన్ తీసి, అప్పటికి కొద్దిరోజుల క్రితమే కట్టిన హెల్త్ సర్‌ఛార్జ్ రసీదు ఆవిడ ముందు పెట్టాను. నాకు ఏడాదికి 1,035 పౌండ్లు, నా భార్యకి ఇంకో 1,035, పాపకి 776. మూడేళ్ళ వీసా కాబట్టి మూడేళ్ళదీ ఒకేసారి, ముందుగానే: 8,538 పౌండ్లు. మన డబ్బుల్లో దాదాపు తొమ్మిది లక్షలు. వీసా ఫీజు దీనికి అదనం. ఇది కట్టినా మందుల చీటీకి అందరితో పాటు డబ్బులివ్వాల్సిందే, పళ్ళ డాక్టరుకీ ఇవ్వాల్సిందే. ఇక నా జీతంలో ఇన్‌కమ్ టాక్స్, జీతంలోంచే కోసే మరో పన్ను లాంటి నేషనల్ ఇన్సూరెన్స్ ఎంత పోతున్నాయో ఆవిడకి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ మొత్తం పే స్లిప్పులు మేమిద్దరమే చూస్తాం.

ఆవిడ రసీదు రెండుసార్లు చదివారు, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నా టేబుల్ మీద టీ పెట్టి, "రాత్రి మా అమ్మాయి చేత ఇంటర్నెట్‌లో చూపించాను. నువ్వు చెప్పింది నిజమే. ఇది న్యాయం కాదు. కావాలంటే నా దగ్గర ఇంకొంచెం తీసుకోవాలి కానీ ఇలా కాదు" అన్నారు.

"నా దగ్గర ఇంకొంచెం తీసుకోవాలి" అన్న ఆ మాట నన్ను వదల్లేదు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, నెలకింతని లెక్క చూసుకుని సరుకులు కొనే మనిషి, ఏడాదిగా నొప్పి భరిస్తూ కూడా పన్ను పెంచితే కడతానంటున్నారు. మరి నేను కడతానా?

ఇక్కడ మన తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట ఈ ప్రశ్న వేస్తే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు. ఉగాదికి అందరం వంటలు పట్టుకుని కమ్యూనిటీ హాల్లో కలిసినప్పుడు అడిగి చూశాను. "అన్నా, మనమంతా ముప్పైల్లో ఉన్నాం. జబ్బులేం లేవు. పళ్ళకీ స్కానింగులకీ ఎలాగూ హైదరాబాదే వెళ్తున్నాం. ఇప్పటికే రెండుసార్లు కడుతున్నాం, మూడోసారి ఎందుకు?" అన్నాడు ఒక తమ్ముడు. అతని భార్య ఏడో నెల గర్భిణి. ఆ కాన్పు ఇక్కడే, పైసా బిల్లు లేకుండా జరగబోతోంది. ఆ హాల్లో పరిగెడుతున్న పిల్లల్లో సగం మంది ఈ దేశపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టినవాళ్ళే. అయినా అతని కోపంలో నిజం లేకపోలేదు. ఆ నిజం ఎక్కడుందో తేల్చుకోవాలనే ఇదంతా రాస్తున్నాను.

తేదీలు చూడండి. 2023 జులైలో డాక్టర్లకీ టీచర్లకీ పోలీసులకీ జీతాలు పెంచాల్సి వచ్చింది. పన్నులు పెంచకుండా, వీసా ఫీజులూ హెల్త్ సర్‌ఛార్జ్ పెంచి అందులో కొంత రాబడతామని అప్పటి ప్రధాని రిషి సునాక్ ప్రకటించారు. ఆయన తండ్రి ఇదే ఎన్‌హెచ్ఎస్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, పని చేసినవారు, తల్లి మందుల షాపు నడిపారు. 2024 జనవరి 6న ఉద్యోగుల నేషనల్ ఇన్సూరెన్స్ 12 శాతం నుంచి 10కి తగ్గింది. సరిగ్గా నెల తర్వాత, ఫిబ్రవరి 6న, సర్‌ఛార్జ్ 624 నుంచి 1,035కి పెరిగింది. ఏప్రిల్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ ఇంకో రెండు శాతం తగ్గి 8కి వచ్చింది. 32 వేల పౌండ్ల జీతం ఉన్నవాడికి ఈ రెండు తగ్గింపులతో ఏడాదికి 777 పౌండ్లు మిగిలాయి. నాకూ మిగిలాయి, కాదనను. కానీ దేశమంతటికీ పన్ను తగ్గించిన ఆ కొద్ది వారాల్లోనే, వెయిటింగ్ లిస్టు 75 లక్షలు దాటిన ఆసుపత్రుల కోసమంటూ కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర మనిషికి 411 పౌండ్లు ఎక్కువ తీసుకున్నారు.

ఊళ్ళో జాతరకి ఊరివాళ్ళు ఎవరి తాహతుకి తగ్గట్టు వాళ్ళు చందా రాస్తారు, బయటి నుంచి వచ్చినవాళ్ళ దగ్గర చందా అడగరు. ఇక్కడ నా పేరు చందా పుస్తకంలోనూ ఉంది, గేటు దగ్గర టికెట్టూ కోస్తున్నారు. పైగా ఆ టికెట్టు అందరికీ ఒకే రేటు. లండన్ బ్యాంకులో లక్ష పౌండ్లు సంపాదించేవాడికీ 1,035, మా ఫ్యాక్టరీలో క్లర్కుకీ 1,035. హెల్త్ అండ్ కేర్ వీసా మీద వచ్చిన నర్సులకీ కేరర్లకీ మాత్రం 2020 నుంచి మినహాయింపు ఉంది. అది మంచి పని.

అయితే సర్‌ఛార్జ్ అన్యాయం కాబట్టి పన్ను పెంచకూడదు అనడం సరి కాదు. మనవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "డాక్టరు కనపడటానికే వారాలేంట్రా, ఇక్కడ సాయంత్రం వెళ్తే రాత్రికల్లా రిపోర్టులొస్తాయి" అంటుంది. నిజమే. ఇక్కడ పొద్దున్నే ఎనిమిదింటికి జీపీ క్లినిక్‌కి ఫోన్ చేసి లైన్లో వేలాడుతున్నప్పుడు తెనాలి డాక్టర్ల వీధి గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. అక్కడ పేరు చెబితే చాలు, కాంపౌండరు కూడా మా నాన్న ఎలా ఉన్నారని అడుగుతాడు. కానీ ఆ వీధికి జేబు నిండా డబ్బుతో వెళ్ళాలి. 2004లో మా చిన్నాన్నకి బైపాస్ చేయించడానికి అర ఎకరం అమ్మారు. ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో. మూడేళ్ళ ముందు వచ్చుంటే ఆ పొలం ఉండేది. మా తమ్ముడు ఇప్పటికీ ఆ గట్టు పక్క నుంచే సొంత చేలోకి వెళ్తాడు.

ఆరోగ్యశ్రీ అయినా జనం పన్నుల డబ్బే. అది పెద్ద ఆపరేషన్లకి పెద్ద అండ. కానీ షుగరు మాత్రలు, బీపీ చెకింగు, పిల్లల జ్వరం చాలావరకు మన జేబులోంచే. బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నోసార్లు చూశాం. 2021-22 జాతీయ లెక్కల ప్రకారం మన దేశంలో ప్రభుత్వాలన్నీ కలిపి ఆరోగ్యం మీద పెట్టింది జీడీపీలో 1.84 శాతం. మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా చేతి నుంచి పెట్టుకున్నదే. 2013-14లో అది 64.2 శాతం ఉండేది. తగ్గింది, సంతోషం. ఇంకా తగ్గాలంటే ప్రభుత్వం ఇంకా పెట్టాలి, అంటే ఎవరో ఒకరు ఇంకా కట్టాలి.

పాపకి రెండేళ్ళప్పుడు ఒక చలికాలం రాత్రి ఊపిరి అందలేదు. అంబులెన్సు వచ్చింది, మూడు రాత్రులు వార్డులో ఉంచారు. అడ్మిషన్‌కి అడ్వాన్స్ ఎంతని నా భార్య నర్సుని అడిగింది. ఆ కేరళ అమ్మాయి, "అక్కా, ఇక్కడ అలాంటివేం ఉండవు, మీరు ముందు ఏదైనా తినండి" అని టోస్టు తెచ్చిపెట్టింది. ఇంగ్లండ్ ఎన్‌హెచ్ఎస్‌లో విదేశీ సిబ్బందిలో అందరికంటే ఎక్కువ మంది మన దేశం వాళ్ళే. ఈ వ్యవస్థని మోసేవాళ్ళలో మనమూ ఉన్నాం. అలాంటప్పుడు దాని బాగోగుల గురించి మాట్లాడే హక్కూ మనకుంది, దానికోసం డబ్బు పెట్టే బాధ్యతా ఉంది.

మేముండే చోటికి దగ్గర్లోనే, డేవీహ్యూమ్‌లో, అప్పటి పార్క్ హాస్పిటల్ ఉంది. 1948 జులై 5న ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ ఎన్‌హెచ్ఎస్‌ని మొదలుపెట్టింది అక్కడే. అడుగడుగునా అప్పులున్న, రేషన్ కార్డు మీద తిండి తింటున్న దేశం అప్పుడు ఈ భారం ఎత్తుకుంది. మూడేళ్ళకే డబ్బు చాలక, కట్టుడు పళ్ళకీ కళ్ళజోళ్ళకీ రోగుల నుంచి కొంత వసూలు చేయాలని బడ్జెట్‌లో పెట్టారు. బెవన్ ఒప్పుకోక మంత్రి పదవికి రాజీనామా చేశారు. డబ్బు ఎవరివ్వాలన్న గొడవ అప్పటి నుంచీ ఉంది.

పన్ను పెంచిన ప్రభుత్వాలు లేకపోలేదు. 2002 బడ్జెట్‌లో గోర్డన్ బ్రౌన్ ఎన్‌హెచ్ఎస్ కోసమని చెప్పి నేషనల్ ఇన్సూరెన్స్ ఒక శాతం పెంచారు. 2022 ఏప్రిల్‌లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం 1.25 శాతం పెంచింది. ఆ పెంపు ఎన్‌హెచ్ఎస్‌కీ వృద్ధుల సంరక్షణకీ వెళ్తుందని పే స్లిప్పుల మీద ఒక వాక్యం కూడా వేయమన్నారు. మా పాత ఫైళ్ళలో ఆ స్లిప్పులున్నాయి. అదే ఏడాది నవంబర్‌కి ఆ పెంపు రద్దయింది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు నచ్చింది. నా డబ్బు దేనికి వెళ్తోందో చెప్పి తీసుకోవడంలో ఒక మర్యాద ఉంది.

2024 ఎన్నికల్లో లేబర్ పార్టీ ఇన్‌కమ్ టాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ పెంచబోమని మాటిచ్చింది. కన్సర్వేటివ్‌లు నేషనల్ ఇన్సూరెన్స్ ఇంకో రెండు శాతం తగ్గిస్తామన్నారు. గెలిచాక లేబర్ ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి యజమానులు కట్టే వాటా 13.8 నుంచి 15 శాతం చేసింది, అది మొదలయ్యే జీతం హద్దుని 9,100 నుంచి 5,000కి దించింది. నాలాంటి 32 వేల జీతగాడి మీద కంపెనీకి ఏడాదికి దాదాపు 890 పౌండ్లు అదనం. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో పేరోల్‌లో కూర్చున్నవాడికి తెలుస్తుంది. మా దగ్గర ఏజెన్సీ వర్కర్ల గంటలు తగ్గాయి, ఇంక్రిమెంటూ తగ్గింది. సూటిగా అడగనిదాన్ని చాటుగా తీసుకున్నట్టయింది. నన్నే అడిగుంటే బాగుండేది.

ఒక్క శాతం నేషనల్ ఇన్సూరెన్స్ అంటే నా జీతం మీద ఏడాదికి 194 పౌండ్లు. నెలకి 16. అది కట్టడానికి నేను సిద్ధం, రెండు శాతమైనా సరే. పెంచిన డబ్బు ఆసుపత్రులకే కాకుండా ఇళ్ళ దగ్గర వృద్ధుల్ని చూసుకునే కేరర్ల జీతాలకీ వెళ్ళాలి. జబ్బు తగ్గినా ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేక ముసలివాళ్ళు మంచం మీదే ఉండిపోతుంటే, నా పక్క సీటు ఆవిడ లాంటివాళ్ళ ఆపరేషన్‌కి మంచం దొరకదు. ఆవిడకి చివరికి ఆ ఏడాది అక్టోబర్‌లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు టేబుల్ పట్టుకోకుండానే లేస్తున్నారు.

మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనది కామన్‌వెల్త్ దేశం కాబట్టి, వీసా మీద ఉన్నా మనకిక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్ gov.uk లోంచి పేరు నమోదు చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఉగాది రోజు కోప్పడిన తమ్ముడికి ఆ లింకు పంపాను, భార్యాభర్తలిద్దరూ నమోదు చేసుకున్నారు. వచ్చేసారి ఓట్లడగడానికి ఏ పార్టీవాళ్ళు తలుపు తట్టినా మేము అడగాల్సినవి రెండే ప్రశ్నలు: ఎన్‌హెచ్ఎస్ కోసం మా జీతాల మీద ఎంత పెంచుతారు, సర్‌ఛార్జ్ ఎప్పుడు తీసేస్తారు?