గేర్‌బాక్స్ దింపిన రోజు

మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసే మా పికప్ బండికి క్లచ్ పని పడింది. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి కదలదు. నల్గొండలో గేర్‌బాక్స్ దింపాక మేస్త్రీ పిలిచి, "అన్నా, ఫ్లైవీల్ చూడు" అన్నాడు. ఇంజిన్‌తో పాటు తిరుగుతూ, క్లచ్ ప్లేటు ఆనుకునే ఇనుప చక్రం అది. దాని మీద వేడికి నీలం మచ్చలు, వాటి మధ్య పగుళ్లు. గోరు పెడితే తగులుతున్నాయి. ఉత్త మచ్చలైతే లేత్ మీద సాపు చేయిస్తే సరిపోయేది. నాన్న కూడా అదే చేయించమన్నాడు, డబ్బులు మిగులుతాయని. కానీ పగులు వేడికి పెరుగుతుంది. అంత వేగంతో తిరిగే ఇనుము విరిగితే నా పక్కన కూర్చునే హమాలీల గతేంటి? పైగా మళ్లీ గేర్‌బాక్స్ దింపితే కూలి మొత్తం మళ్లీ కట్టాలి. రాత్రంతా టెన్షన్ పడి, పొద్దున్నే కొత్తది వేయమన్నాను. పాతది ఇంటికి తెచ్చి చూపిస్తే, నాన్న చాలాసేపు వేలితో తడిమి, "మంచిపని చేసినవ్ బిడ్డా" అన్నాడు.