మయోనైజ్ సీసా ఖాళీ అయ్యాక: పెరుగు, ఆవ, మోరి జీడిపప్పు

జూన్

అమలాపురంలో ఇప్పుడు ఏ బేకరీకెళ్లినా శాండ్‌విచ్ అంటే మయోనైజ్ కారుతూ ఉండాల్సిందే. పిల్లలు ఇంట్లోనూ అదే అడుగుతున్నారు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది, 2025లో తమిళనాడు కూడా. అక్కడ భయం సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి. నా పేచీ మాత్రం నూనెతో. మామూలు మయోనైజ్‌లో 70 శాతం పైగా నూనే ఉంటుంది. పెద్ద చెంచాడుకి, అంటే 15 గ్రాములకి, 10-11 గ్రాముల కొవ్వు, 90-100 కేలరీలు. ఎగ్‌లెస్ అయితే ఫరవాలేదనుకునేవాళ్లు సీసా వెనక్కి తిప్పి చూడండి. ఎక్కువ బరువున్న పదార్థం ముందు రాయాలన్నది నియమం. నూనె ఎన్నో పేరో లెక్కపెట్టుకుంటే చాలు.

మయోనైజ్‌కి బదులుగా మొదట పెరుగు పట్టాను. చిక్కటి గేదెపాలు తోడుపెట్టిన గట్టి పెరుగు అరకేజీ. ఈ ఉక్కలో మూటకట్టి కొళాయికి వేలాడదీస్తే తెల్లారేసరికి పులిసిపోతుంది. అందుకని చిల్లుల గిన్నెలో పల్చటి గుడ్డ పరిచి, కింద ఇంకో గిన్నె పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాను. పొద్దున్నకి దాదాపు సగం మిగులుతుంది, చెంచా నిలబడేంత గట్టిగా. కిందకి దిగిన తేట చపాతీపిండిలోకి పోతుంది. ఇంత వెన్న ఉన్న పెరుగైనా పెద్ద చెంచాడుకి కొవ్వు 2 గ్రాములకి అటూ ఇటూగానే. రుచి మాత్రం చప్పగా ఉంది, పెరుగన్నం గుర్తొచ్చేలా.

జూలై

మస్టర్డ్ సీసా కొందామంటే మా అత్తయ్యగారు ఊరుకోలేదు. "పనసపొట్టు కూరకి ఆవ పెట్టుకునే ఇంట్లో ఆవముద్ద కొంటావేంటమ్మా?" నిజమే కదా.

చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి కాసేపు నానబెట్టి, చన్నీళ్లతోనే మెత్తగా నూరాలి. గింజ నలిగి నీళ్లు తగిలాకే లోపలి ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది. వేడినీళ్లు పోస్తే ఆ ఎంజైమ్ చచ్చి చేదే మిగులుతుంది. పది నిమిషాలు వదిలేస్తే మూత తీయగానే ముక్కుకెక్కుతుంది. నిమ్మరసం ఆ తర్వాతే. కప్పు పెరుగుముద్దకి పావుచెంచా ఆవతో మొదలుపెట్టండి, పెద్దవాళ్లకైతే అరచెంచా. మిరియాలపొడి, నూరిన వెల్లుల్లి రెబ్బ, చిటికెడు పంచదార, ఒక చెంచా నువ్వులనూనె. ఆవపొట్టులోని జిగురు నూనెనీ నీటినీ విడిపోకుండా పట్టుకుంటుంది. మయోనైజ్‌లో ఆవ పడేది ఘాటుకోసం ఒక్కటే కాదన్నమాట.

అసలు శత్రువు నీరు. ఉప్పు ముందే కలిపితే పెరుగు మళ్లీ నీరు వదులుతుంది, అందుకని రాసే ముందే కలుపుతాను. కీరా చక్రాలకి ఉప్పు పట్టించి, కాసేపాగి నీరు పిండేసి, గుడ్డమీద ఆరబెట్టాకే రొట్టెలోకి. టమాటా గింజలు తీసేయాల్సిందే. ఈ రెండూ చేస్తే బడి డబ్బాలో మధ్యాహ్నం దాకా రొట్టె నానడం లేదు. ఉడికించిన చిన్న రొయ్యలు, సన్నగా తరిగిన ఉల్లికాడలు ఈ ముద్దలో కలిపి చల్లగా పెడితే, ఆ రోజు శాండ్‌విచ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టు

కోనసీమలో ఉండి కొబ్బరి వదిలేస్తే బాగోదని అదీ రుబ్బాను. అప్పటికప్పుడు సలాడ్‌లోకి కమ్మగా ఉంది. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం రవ్వరవ్వగా తేలింది. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి దిగితే గడ్డకడుతుంది మరి. పైగా ఆ కొవ్వులో ఎక్కువ భాగం శాచురేటెడ్, అంటే గుండెకి మంచిది కాదనే రకమే. ఆరోగ్యం కోసం దీన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు.

మా కోనసీమలోనే ఉన్న మోరి ఊరి జీడిపప్పు వేరే కథ. ముక్కలైతే ధర తక్కువ, రుబ్బేదానికి విరగని పప్పెందుకు? 50 గ్రాములు రెండు గంటలు నానబెట్టి, 60 మిల్లీలీటర్ల నీళ్లు, నిమ్మరసం, ఆవ వేసి రుబ్బితే మయోనైజ్ నునుపు అచ్చంగా వచ్చేది దీనికే. పప్పులో 40 శాతానికి పైగా కొవ్వుంది, తేలిక అనుకుని దట్టించకండి. అయినా నీళ్లు కలిశాక చెంచాడుకి 3 గ్రాములే. పెరుగు తినని వాళ్లొస్తే ఇదే చేస్తున్నాను.

పెరుగుముద్ద మూడు రోజులు, జీడిపప్పుది రెండు రోజులు, రెండూ ఫ్రిజ్‌లోనే. ఇప్పుడు గట్టిగా ఉడికిన గుడ్ల పచ్చసొనలు పెరుగుముద్దలో మెదిపి బంగాళదుంప సలాడ్‌కి పట్టిస్తున్నాను. రెండు సొనలకి అరకప్పు ముద్ద చాలడం లేదు, పొడిపొడిగా ఉంటోంది. ఈసారి ముప్పావు కప్పు వేసి చూడాలి.