300 డాలర్ల గోంగూర గింజలు

నిన్న సాయంత్రం మా భోజనాల బల్ల పక్కనున్న కుండీలో ఒక గోంగూర కాయ ఎండి పగిలింది. ఐదు అరలు, అరకు మూడో నాలుగో గింజలు. అరచేతిలోకి రాల్చుకుని లెక్కపెడితే 17 వచ్చాయి. ముదురు గోధుమ రంగు, ఒక పక్క చిన్న నొక్కు, వేలితో తడిమితే సన్నని గరుకు. పది నెలల క్రితం ఇలాంటి గింజల వల్లే నలుగురిలో తలదించుకుని నిలబడ్డాను. మనసులో వేడి తగ్గకముందే ఆ సంగతంతా రాయాలని కూర్చున్నాను.

జనవరిలో తెనాలి దగ్గర మా ఊరి నుంచి అట్లాంటాకు తిరుగు ప్రయాణం. ముందు రోజు అమ్మ పెరట్లో ఎండిన కాయలు నలిపి, చేటలో చెరిగి, తన పాత నేతచీర చెంగు చింపి గింజలు అందులో మూటకట్టి ఇచ్చింది. "అక్కడ ఆకుకూర కట్ట కొనాలంటే ప్రాణం పోతుందంటావుగా, నాలుగు గింజలు చల్లుకో" అంది. తీసుకెళ్లవచ్చో లేదో అని నేను సందేహిస్తుంటే అక్కడే కూర్చున్న దూరపు బంధువు ఒకాయన, "ఎవరు చూస్తారమ్మా, పప్పుల డబ్బా అడుగున పెట్టు" అన్నారు. ఆయన ఎప్పుడూ అలాగే తీసుకెళతారట. ఆయన మాట విన్నాను. జరిమానా కట్టిన రోజున మాత్రం ఆయన ఫోను ఎత్తలేదు.

అమెరికాలో దిగిన మొదటి విమానాశ్రయంలో, విత్తనాలు, మొక్కలు, పండ్లు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. పెట్టెల కోసం నిలబడి ఉండగా పొట్టికాళ్ల కుక్క ఒకటి వరుసంతా వాసన చూసుకుంటూ వచ్చి మా పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంది. మా తొమ్మిదేళ్ల అమ్మాయి దాన్ని చూసి మురిసిపోయింది. ఆ కుక్క కూర్చోవడానికి అర్థమేమిటో నాకు క్షణం తర్వాత తెలిసింది.

ఉక్కు బల్ల మీద పెట్టె తెరిపించారు. ఆవకాయ సీసాలు, సున్నుండలు, పాప పట్టు లంగా, నా లోదుస్తులు, అన్నీ వరుసలో ఉన్నవాళ్లందరి కళ్లముందు బయటికి వచ్చాయి. చివరికి మూట దొరికింది. "ఇదేమిటి?" అని అడిగాడు అధికారి. "మసాలా దినుసు" అన్నాను. పక్కనుంచి మా అమ్మాయి, "అవి అమ్మమ్మ ఇచ్చిన గోంగూర గింజలు కదమ్మా" అంది, అతనికి అర్థమయ్యే ఇంగ్లిషులో.

ఆ తర్వాత అతను నాతో మాట్లాడిన తీరు ఇప్పటికీ మరచిపోలేను. పద్నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉద్యోగం చేస్తున్నాను. నాకు భాష రాదన్నట్టు ఒక్కో మాటా విడదీసి, గట్టిగా, మూడుసార్లు అడిగాడు. మొక్క శాస్త్రీయ నామం చెప్పమన్నాడు. నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి తింటున్న మొక్క పేరు చెప్పలేక నీళ్లు నమిలాను. వెనక వరుసలో ఉన్న తెలుగు జంట ముఖాలు తిప్పుకున్నారు. గింజలు తీసుకోండి, ఆ గుడ్డ మాత్రం ఇవ్వండి, మా అమ్మ చీర అన్నాను. గుడ్డతో సహా చెత్తడబ్బాలో పడేశాడు. 300 డాలర్ల జరిమానా కాగితం మీద సంతకం పెడుతుంటే నా చెయ్యి వణికింది. పాప కారెక్కేదాకా నోరు విప్పలేదు. ఎక్కాక, "నేను చెప్పకుండా ఉండాల్సిందా?" అని అడిగింది. నువ్వు చేసిందే సరైన పని అని చెప్పాను. ఆ మాట చెప్పడమే ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే కష్టమైంది.

అబద్ధం ఆడింది నేను, ఆ తప్పు నాది. నిబంధనా సరైనదే. గోంగూర పత్తి కుటుంబపు మొక్క, పత్తిని తొలిచే పురుగు ఇలాంటి గింజల వెంట వచ్చే ప్రమాదం ఉంది. మేముండే జార్జియా పత్తి పండే రాష్ట్రం. కాబట్టి గింజలు ఉంటే ఉన్నాయని చెప్పండి. ముందే చెబితే గింజలు తీసుకుంటారు, జరిమానా వేయరు. కానీ నియమం సరైనదైతే దాన్ని అమలు చేసేవాడు మనిషిని నలుగురిలో చిన్నబుచ్చాలా? దానికి నా దగ్గర క్షమ లేదు.

ఇంటికొచ్చాక ఇంకో అబద్ధం మొదలైంది. "మొలిచాయా?" అని అమ్మ ప్రతి ఆదివారం అడిగేది. ఇంకా చలి ఉందమ్మా అనేదాన్ని.

మార్చిలో మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న సామూహిక తోటలో ఒక మడి దొరికింది. దరఖాస్తు, రుసుము, మట్టి పరీక్ష, అన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. ఆ తోట ఉన్న పేటలో ఎక్కువగా నల్లజాతివారు ఉంటారు. ఆ మాట తెలియగానే మనవాళ్లు ఇద్దరు ముగ్గురు, "అక్కడా? ఒంటరిగా వెళ్లకు" అన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆ వీధిలో కాలు పెట్టినవాళ్లు కారు. ఈ దేశంలో మనం ఇళ్లు కొనుక్కోగలుగుతున్నామంటే, ఓటు వేయగలుగుతున్నామంటే, అందుకు దెబ్బలు తిన్నది ఎవరో కొంచెం చదువుకోండి. మన దేశం నుంచి ఇంతమంది రావడానికి దారి తెరిచిన 1965 వలస చట్టం పౌరహక్కుల ఉద్యమం నడిచిన ఆ రోజుల్లోనే వచ్చింది. వారి పక్కన మడి దున్నడానికి భయపడటం కృతఘ్నత.

నా పక్క మడి ఎనభై దాటిన ఒక పెద్దావిడది. దక్షిణ జార్జియా పల్లె నుంచి వచ్చారు. మొదటి రోజు నేను పార పట్టిన తీరు చూసి, "నడుము విరుగుతుంది తల్లీ, పిడి కాస్త కిందికి పట్టుకో" అన్నారు. ఆవిడ మడిలో బెండ, బొబ్బర్లు, కొలార్డు ఆకుకూర. బెండకు ఇంగ్లిషులో ఉన్న ఓక్రా అనే పేరు నైజీరియాలోని ఇగ్బో భాష నుంచి వచ్చిందని, బెండకాయ పులుసు గంబో పేరు కూడా ఆఫ్రికాదేనని ఆవిడే చెప్పారు. కొత్త సంవత్సరం రోజున బొబ్బర్లూ బియ్యమూ కలిపి వండుకోకపోతే వారింట్లో ఏడాది మొదలైనట్టే కాదు.

వాళ్ల నాయనమ్మ వాకిట్లో ఒక్క గడ్డిపరక మొలవనిచ్చేవారు కారట. డాగ్‌వుడ్ కొమ్మలు కట్టకట్టి చీపురు చేసి, నేల గట్టిపడి మెరిసేదాకా రోజూ ఊడ్చేవారట. పాములు కనిపించాలని, మంట అంటుకుంటే ఇంటిదాకా రాకూడదని. ఆ అలవాటు పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. నేను మా వాకిలి సంగతి చెప్పాను, పేడనీళ్ల కళ్లాపి, ముగ్గు. ఆవిడ పార పక్కన పెట్టి, నేల మీద కర్రతో ఒక ముగ్గు వేయించుకుని చూశారు.

తాతగారి భూమి గురించి మాత్రం ఆవిడ ఒక్కసారే మాట్లాడారు. వీలునామా లేకుండా పోయారు. వారసులందరికీ ఉమ్మడిగా వచ్చింది. ఎవరో దూరపు వారసుడు తన వాటా బయటివాళ్లకు అమ్మితే, వాళ్లు కోర్టుకెళ్లి మొత్తం భూమినే వేలం వేయించారు. ఉమ్మడి ఆస్తి తగాదాలు మనకూ తెలుసు, కానీ ఇది ఒక జాతి మొత్తానికి జరిగింది. 1920లో ఈ దేశంలో 9 లక్షల 25 వేలకు పైగా నల్లజాతి రైతులు ఉండేవారు. ఇప్పుడు 50 వేలకు లోపే. అప్పులు నిరాకరించిన వ్యవసాయశాఖ మీద వాళ్లు వేసిన దావా 1999లో గాని ఒప్పందానికి రాలేదు. "భూమి పోయింది, గింజ మిగిలింది" అన్నారావిడ, బొబ్బర్ల సీసా చూపిస్తూ.

ఏప్రిల్ చివర్లో ఆవిడకు ఫోనులో మా అమ్మ పెరటి గోంగూర ఫోటో చూపించాను. విమానాశ్రయం సంగతి కూడా చెప్పాను. ఈ దేశంలో నేను ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ఫోటో కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, చెయ్యి పట్టుకుని తోట అవతలి చివరకు తీసుకెళ్లారు. అక్కడ జమైకా నుంచి వచ్చిన ఒక పెద్దాయన నారు పోస్తున్నారు. కప్పుల్లో వేలెడు మొక్కలు, ఎర్రని కాడలు. నేను వంగి ఒక ఆకు కొన తుంచి నమిలాను. పుల్లన. పళ్లు జివ్వుమన్నాయి. అది గోంగూరే!

వారికి దాని పేరు సారెల్. ఎర్రని పూదొప్పలను అల్లంతో నానబెట్టి, చక్కెర, రమ్ము కలిపి క్రిస్మస్‌కు తాగుతారు. సెనెగల్‌లో అదే బిస్సాప్. శాస్త్రవేత్తలకు హైబిస్కస్ సబ్డరిఫా. ఈసారి ఎవరడిగినా చెబుతాను. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి నుంచి ఒక దారిన మన గుంటూరుకు వచ్చింది, ఇంకో దారిన బానిసల ఓడల వెంట అట్లాంటిక్ దాటింది. 1707 నాటికే జమైకాలో పండుతున్నట్టు రాతలున్నాయి. అక్కడ చెరకు తోటల్లో చాకిరీ చేసినవాళ్లు, తమకు వదిలేసిన కొండవాలు ముక్కల్లో తమ తిండి తామే పండించుకున్నారు, మిగిలింది ఆదివారం సంతలో అమ్ముకున్నారు. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో తోటల నుంచి పారిపోయినవారి సంతతి ఈనాటికీ చెప్పుకునే మాట ఒకటుంది. వాళ్ల అవ్వలు వడ్లగింజలను జడల్లో దాచుకుని తెచ్చారట. అక్కడ కొన్ని వరి రకాలకు ఆ స్త్రీల పేర్లే ఉన్నాయి. నా మూటకు జరిమానా 300 డాలర్లు. వాళ్లు పట్టుబడితే ఏమయ్యేదో ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది.

పెద్దాయన నాకు ఆరు మొక్కలు ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. ఆకు తెంపి పారేస్తారట ఆయన! జూన్‌లో మొదటి కోత కోసి, ఎండుమిరపకాయలు వేయించి, రోలు లేక మిక్సీలోనే పచ్చడి చేసి పట్టుకెళ్లాను. ఆయన వేడి అన్నంలో కలుపుకుని తిని, ఇన్నేళ్లూ ఎరువుకుప్పలో వేసింది ఇదా అని చాలాసేపు తల ఊపారు. ఆ రాత్రే అమ్మకు ఫోను చేసి మొత్తం చెప్పేశాను, చీర ముక్కతో సహా. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకు వెల్లుల్లి పడుతుందో లేదో కనుక్కుని వేశావా?" అంది.

ఆకు కోసమే అయితే పని అక్కడితో అయిపోయేది. గింజ కట్టించడమే అసలు పరీక్ష. పగటివేళ తగ్గితే గాని ఈ మొక్క పూయదు. అట్లాంటాలో అక్టోబరుకు మొగ్గలు వస్తాయి, నవంబరులో మంచు పడి చెట్టు నల్లగా మాడిపోతుంది, గింజ ముదరకముందే. పెద్దాయన 20 ఏళ్లుగా ఒక ఉపాయంతో గింజ నిలుపుకొస్తున్నారు. రెండు మొక్కలు మొదటి నుంచీ పెద్ద కుండీల్లోనే పెంచుతారు, కొన తుంచి గుబురు చేస్తారు, సెప్టెంబరు నుంచి రాత్రిపూట వీధిదీపం వెలుతురు తగలని చోట పెడతారు. వెలుతురు తగిలితే పూత ఆలస్యమవుతుంది. చలి వార్త రాగానే లోపలికి. నేనూ అలాగే చేశాను. పోయిన వారం చలి హెచ్చరిక వచ్చిన రాత్రి, మా ఆయనా నేనూ చెరోపక్కా పట్టుకుని కుండీ ఇంట్లోకి మోశాం. తివాచీ మీద మట్టి పడింది. పడనీ.

ఈ 17 గింజల్లో ఐదు పెద్దావిడకు. ఆవిడ బొబ్బర్ల సీసా పక్కన పెట్టుకుంటానన్నారు. మిగిలినవి మా అమ్మాయి కాగితపు కవరులో పోసి, మీద తెలుగులో గోంగూర అని, కింద సారెల్ అని రాసింది. చెట్టుకు ఇంకా ఆరు కాయలున్నాయి, రెండు పచ్చిగానే ఉన్నాయి. కుండీని ఎండ తగిలే కిటికీ వైపు తిప్పాను.