నా డిప్రెషన్ ముందుగా ఇంట్లో కనబడింది

డిప్రెషన్ అంటే దిగులు మొహంతో ఓ మూల కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. నాది మొహంలో కనబడలేదు, ఇంట్లో కనబడింది. ఆఫీసుకు టైముకి వెళ్లేదాన్ని. అక్కడ నలుగురితో మాట్లాడుతూ, ఇచ్చిన పని పూర్తిచేస్తూనే ఉన్నాను. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే మాత్రం ఒంట్లో సత్తువంతా జారిపోయేది. బ్యాగు గుమ్మం దగ్గరే పడేది. విడిచిన బట్టలు కుర్చీ మీదికి చేరేవి. కుర్చీ నిండాక మంచం మీదికి వచ్చాయి. మంచంలో సగం బట్టలు, మిగతా సగంలో నేను.

అప్పుడు నన్నెవరైనా అడిగి ఉంటే తీరిక లేదనే చెప్పేదాన్ని. తీరిక ఉండేది. సెలవు రోజంతా సోఫాలో కూర్చుని ఆ గుట్టవైపు చూస్తూ గడిపిన సందర్భాలున్నాయి. లేవాలి, లేచి కనీసం కొన్నైనా మడతపెట్టాలి అని మనసు పోరుతూనే ఉండేది. కాళ్లు కదిలేవి కావు. పొద్దు గూకేసరికి ఏ పనీ చేయకుండానే అలసిపోయేదాన్ని. "ఇంత చిన్న పని కూడా చేతకాదా?" అని నన్ను నేను తిట్టుకోవడంలోనే ఉన్న కాస్త ఓపికా అయిపోయేది.

బట్టలు మడతపెట్టడం ఒకే పని అనుకుంటాం కానీ, దాని లోపల బోలెడు నిర్ణయాలున్నాయి. ఇది ఉతికిందా, మాసిందా? ఇస్త్రీకి వెయ్యాలా, అలమరలో పెట్టాలా? ఏ అరలో? ఆ అర నిండిపోయింది కదా, ముందు అందులోవి తియ్యాలా? ఇది ఇప్పుడు నాకు పట్టదు, ఉంచాలా, ఎవరికైనా ఇచ్చేయాలా? ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకుని, మొదలుపెట్టి, మధ్యలో వదిలేయకుండా ముగించే సామర్థ్యాన్ని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. మెదడు ముందు భాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది ఇందులో పెద్ద పాత్ర. డిప్రెషన్ దెబ్బతీసే వాటిలో ఇదొకటి. అందుకే ఏకాగ్రత కుదరకపోవడం, చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోవడం ఆ జబ్బు లక్షణాల జాబితాలోనే ఉన్నాయి. ఈ సంగతి తెలిసేనాటికి నా మీద నాకు చాలా అసహ్యం పేరుకుపోయింది.

ఇంటికి ఎవరూ రాకుండా చూసుకోవడం నా దినచర్యలో భాగమైంది. స్నేహితులు వస్తామంటే "బయట కలుద్దాం" అనేదాన్ని. ట్యాప్ కారుతున్నా ప్లంబర్‌ని పిలవలేదు, అతను ఇల్లు చూస్తాడని. సిగ్గుతో మనుషుల్ని దూరం పెట్టాను. ఒంటరితనం జబ్బుని పెంచింది, జబ్బు ఇంటిని ఇంకా పాడుచేసింది. ఇల్లు సర్దుకోవడానికి టైమ్ టేబుల్, డబ్బాలు, లేబుళ్లు ఉంటే చాలని చెప్పే సలహాలన్నీ ఈ సిగ్గుని వదిలేసి మాట్లాడతాయి. అడ్డుగా నిలబడింది ఆ సిగ్గే.

ఒక ఆదివారం తమ్ముడు చెప్పకుండా వచ్చాడు. తలుపు కాస్త తీసి, గడప మీదే నిలబడి మాట్లాడాను. వాడు కాసేపు చూసి, "అక్కా, నేను లోపలికి రాకూడదా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, బాధ ఉంది. పక్కకి జరిగాను. లోపలికి వచ్చి చుట్టూ చూశాడు. "ఏంటిది?" అనలేదు. సోఫా మీద కొంచెం చోటు చేసుకుని కూర్చుని, "నిద్ర పడుతోందా?" అని అడిగాడు. నెలల తరబడి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఆ వారంలోనే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టర్ గారు ముందు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, బి12 లోపించినా ఇలాంటి నీరసం, మందకొడితనం రావచ్చు కాబట్టి అవి కాదని తేల్చుకోవాలన్నారు. తర్వాత పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాలు ఎలా గడిచాయని. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కనీసం మధ్యస్థాయి డిప్రెషన్ ఉండొచ్చని లెక్క. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి నేను సున్నా పెట్టలేకపోయాను. డాక్టర్ గారు కంగారుపడలేదు, మాట దాటెయ్యనూ లేదు. సూటిగా అడిగారు, నేను సూటిగా చెప్పాను. ఆ ఆలోచన వస్తే ఏ వేళైనా తమ్ముడికి ఫోన్ చెయ్యాలని మా ముగ్గురి మధ్య ఒప్పందం చేయించారు. ఆ మాట బయటికి చెప్పగలిగినందుకే సగం బరువు దిగింది.

నాకున్న ఇంకో భయం కూడా ఆ రోజే అడిగేశాను: నాది వస్తువులు పారెయ్యలేని జబ్బా? దాన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటారని, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎమ్-5 అనే పుస్తకం 2013లో వచ్చినప్పుడు అందులో దాన్ని విడి జబ్బుగా చేర్చారని చెప్పారు. ఆ జబ్బులో వస్తువు విలువతో పనిలేకుండా, దాన్ని వదులుకోవాలంటేనే విపరీతమైన బాధ కలుగుతుందట. అలాంటివాళ్ల ఇల్లు వాళ్లకు తెలియకుండా ఇంట్లోవాళ్లు ఖాళీ చేసేస్తే మేలు జరగదు, నమ్మకం పోతుంది. నాది వేరు. నాకు అడ్డుపడింది వస్తువుల మీద మమకారం కాదు, వాటిని ముట్టుకునే ఓపిక లేకపోవడం.

ఎస్ఎస్ఆర్ఐ అనే రకం డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో వికారం, తలనొప్పి ఉండొచ్చని ముందే చెప్పారు. ఉన్నాయి కూడా. నిద్ర ముందు కుదుటపడింది. మనసు తేలికపడటం తర్వాతెప్పుడో, ఏ రోజని చెప్పలేనంత మెల్లగా జరిగింది. ఇల్లు మాత్రం అలాగే ఉంది. మందు కుర్చీ మీది బట్టలు మడతపెట్టదు కదా.

ఆ పని సైకాలజిస్ట్ మేడమ్ దగ్గర మొదలైంది. ఆవిడ వాడిన పద్ధతి పేరు బిహేవియరల్ యాక్టివేషన్. 1970ల్లో పీటర్ లూయిన్‌సన్ అనే మనస్తత్వవేత్త ఆలోచనలతో దీనికి పునాది పడింది. మూడ్ వచ్చాక పని చేద్దామని మనం కూర్చుంటాం. డిప్రెషన్‌లో ఆ మూడ్ రాదు. కాబట్టి ముందు పని, అదీ చెయ్యకుండా ఉండలేనంత చిన్న పని. మూడ్ వెనక వస్తుంది. నాకు మొదటి వారం ఇచ్చిన పని పొద్దున కాఫీ తాగిన కప్పు ఒక్కటి కడగడం. సింకులో మిగతావి అలాగే ఉండాలి, వాటిని ముట్టుకోకూడదు. ఈ చివరి షరతే నాకు కష్టమైంది. ఒక కప్పు కడిగితే ఏం లాభం, కడిగితే అన్నీ కడగాలి, ఇల్లు సర్దితే మొత్తం సర్దాలి అన్న పట్టుదలే ఇన్నాళ్లూ నన్ను కూర్చోబెట్టిందని అప్పుడు అర్థమైంది.

తర్వాత కవర్ల సంగతి. డైనింగ్ టేబుల్ మీద నెలల నుంచి వచ్చిన ఉత్తరాలు, బిల్లులు, బ్యాంకు కాగితాలు విప్పకుండా పడి ఉన్నాయి. వాటిని చూస్తే గుండె దడదడలాడేది. ఒక్కో కవరులో ఏదో ప్రమాదం ఉన్నట్టే అనిపించేది. భయపడి తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయే భయాన్ని ఇంకా బలపరుస్తుంది అని మేడమ్ వివరించారు. మొదటిరోజు కవర్లు విప్పకుండా, చదవకుండా, పెద్దవి ఒక వరసలో చిన్నవి ఒక వరసలో పెట్టమన్నారు, అంతే. రెండోసారి అంచు చింపి కాగితం బయటికి తియ్యడం. చదవడం ఆ తర్వాత. తమ్ముడు ఫోన్‌లో స్పీకర్ పెట్టుకుని తన పని తాను చేసుకుంటూ ఉండేవాడు. నేను ఇక్కడ ఒక్కోటి విప్పేదాన్ని. చాలావరకు గడువు దాటిన ప్రకటనలు, అప్పటికే ఆన్‌లైన్‌లో కట్టేసిన బిల్లుల రసీదులు. ఒకటి మాత్రం నిజంగానే ఇబ్బంది పెట్టేది, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టలేదని. ఫోన్ చేసి మాట్లాడితే ఆ సాయంత్రానికి తేలిపోయింది. ఇన్నాళ్లు ఆ టేబుల్ పక్కనుంచి తల తిప్పుకుని నడిచింది దీని కోసం.

అన్నిటికన్నా గట్టిగా నిలబడింది పుస్తకాల అర. ఒకప్పుడు నేను ఏళ్లు వెచ్చించి చదివి, నెగ్గని ఒక పరీక్ష పుస్తకాలు అవి. అందులో నాలుగు పెద్ద సంపుటాలు, వాటి మధ్య పసుపు కాగితాల గుర్తులు, అంచులు నల్లబడ్డ నోటు పుస్తకాలు. ఆ పరీక్ష రాసే వయసు దాటిపోయింది. అయినా ఆ అరని ఖాళీ చెయ్యడమంటే అప్పటి నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టడంలా ఉండేది. మనం సొంతమనుకున్న వస్తువుకి ఉన్నదానికన్నా ఎక్కువ విలువ కడతామని డానియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో మామూలు కాఫీ మగ్గులతో చేసిన ప్రయోగాల్లో చూపించారు. మగ్గు చేతికొచ్చినవాళ్లు అడిగిన ధర, కొనాలనుకున్నవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు ఉందట. చేతికొచ్చిన కాసేపటికే మగ్గు అంత ప్రియమైతే, నా యవ్వనమంతా పోసిన పుస్తకాలకు నేనెంత విలువ కట్టి ఉంటాను!

"ఇవి ఈ అరలో ఉన్నంతకాలం ఆ పరీక్ష మీకు అయిపోలేదా?" అని అడిగారు మేడమ్. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. అయిపోలేదు. ప్రతి ఉదయం ఆ అర నన్ను మళ్లీ ఫెయిల్ చేస్తూనే ఉంది. దుమ్ము దులుపుతూ ఒక్కో పుస్తకం తెరిచి చూశాను, ఏడ్చాను. పారెయ్యమని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. నా చేతిరాత ఉన్న ఒక నోటు పుస్తకం ఉంచుకుని, మిగతావి చదువుకునే పిల్లలకు ఇచ్చాను. వాళ్లు పుస్తకాలు అందుకుంటూ అందులోని నా గుర్తుల్ని చూసి, "ఇవి కూడా ఉంచండి మేడమ్, మాకు పనికొస్తాయి" అన్నారు. ఆ అర ఇప్పటికీ సగం ఖాళీగానే ఉంది. వెంటనే ఏదో ఒకటి పెట్టి నింపాలని నాకు అనిపించడం లేదు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకు నాదొక విన్నపం. "ఇందులో ఎలా ఉంటున్నావు?" అని అడగకండి. దానికి మా దగ్గర జవాబు లేదు. "ఇది ఎక్కడ పెట్టను?" అని ఒక వస్తువు చేతిలో పట్టుకుని అడగండి. నిర్ణయం మాదే ఉంటుంది, కాలూ చెయ్యీ మీవవుతాయి. తమ్ముడు అలాగే చేశాడు. ఏదీ నన్నడగకుండా పారెయ్యలేదు, ఊరికే కూర్చోనూ లేదు.

ఒకసారి వచ్చి తగ్గినవాళ్లలో సగం మందికి దాకా డిప్రెషన్ మళ్లీ రావచ్చని డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. బాగైందనిపించాక కూడా కనీసం ఆరు నెలలు మందు ఆపకూడదని, ఆపేటప్పుడు డోసు మెల్లగా తగ్గించాలని అన్నారు. అందుకని నేనిప్పుడు ఇంటిని వేరేలా చూస్తున్నాను. ఒకరోజు సింకులో అంట్లు మిగిలితే అది మామూలే. మిగిలిన అంట్లను చూసి తల తిప్పుకుంటున్నానంటే, వస్తానన్న వాళ్లకి సాకులు చెబుతున్నానంటే, అప్పుడు నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో రాసుకుని తర్వాతి అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకుంటాను. ఈ మధ్య ఒకసారి అలా జరిగింది కూడా. డోసు తగ్గించడం కొన్నాళ్లు వాయిదా వేశారు, కుదుటపడ్డాను.

స్టోర్ రూమ్ ఇంకా తెరవలేదు. అందులో పాత సామాను నిండా ఉంది. మందు పూర్తిగా ఆగి, ఇంకొన్నాళ్లు గడిచాక మొదలుపెడదామని నేనూ మేడమ్ అనుకున్నాం. అప్పటిదాకా ఆ తలుపు మూసే ఉంటుంది. వచ్చినవాళ్లు అందులో ఏముందని అడిగితే, ఇంకా సర్దలేదని చెబుతున్నాను.